అన్ని వయసులవారూ చూడవచ్చు

మా నాటకశాలలో టికెట్లు ఇచ్చే ఆవిడను అందరం కిటికీ అక్క అనేవాళ్లం. తెరలు లాగేవాళ్లు, మేకప్ వేసేవాళ్లు, చివరికి ఆమెకన్నా పదేళ్లు పెద్దవాడైన మేనేజరు కూడా అక్కా అనే పిలిచేవాడు. నేను అక్కడ లైట్లు వేసేవాణ్ణి. హాలు వెనక గోడకు పైన అగ్గిపెట్టెలాంటి గది ఒకటి ఉండేది, అదే నా రాజ్యం. పద్నాలుగేళ్లు ఒకే కప్పు కింద పనిచేశాం కాబట్టి ఆమె గురించి నాకు కాస్త ఎక్కువే తెలుసు. కొంత కళ్లారా చూసింది, కొంత ఆమె నోటితో చెప్పింది. ఒక్క విషయంలో మాత్రం నా చెయ్యి కూడా ఉంది. అది దాచి ఆమె కథ చెప్పడం న్యాయం కాదు.

ఆమె పని టికెట్లు ఇవ్వడమే అయినా, జనం ఆమెను వెతుక్కుంటూ వచ్చేది సలహా కోసం. మోకాళ్ల నొప్పులున్న ముసలాయనకు మెట్లు లేని వైపు సీటు ఇచ్చేది. పొడుగాటి మనిషి వస్తే, "మీరు చివరి వరుసలో కూర్చోండి బాబూ, మీ వెనకవాళ్లు నన్ను తిడతారు" అని మొహం మీదే చెప్పేది. ఎవరూ నొచ్చుకునేవారు కాదు. ఫోను మోగితే పదింట్లో ఎనిమిదిసార్లు ఒకటే ప్రశ్న: "పిల్లల్ని తీసుకురావచ్చా అండీ?"

మొదట్లో నాటకం చూడకుండానే జవాబు చెప్పేదట. ఒకసారి ఒక పెద్దావిడ ఐదేళ్ల మనవరాలిని తీసుకొచ్చింది. నాటకం మధ్యలో తుపాకులు పేలేసరికి ఆ పిల్ల జడుసుకుని గౌను తడుపుకుంది. పెద్దావిడ కిటికీ దగ్గరికొచ్చి తిట్టలేదు, అరవలేదు. "ఒక్క మాట ముందు చెప్పి ఉంటే సరిపోయేదిగా తల్లీ" అని వెళ్లిపోయింది. ఆ రోజు నుంచి కిటికీ అక్క ప్రతి నాటకం ఆఖరి రిహార్సల్‌కు వచ్చి, మధ్య వరుసలో ఒంటరిగా కూర్చుని, ఒళ్లో నోటుపుస్తకం పెట్టుకుని చూసేది. చూసి ఒక కాగితం రాసి కిటికీ పక్కన అంటించేది. "రెండో అంకంలో తుపాకి మూడుసార్లు పేలును. ముందు వరుసలకు పొగ వచ్చును. ముద్దు ఒకటి, నుదుటి మీద. బూతులు నాలుగు, అందులో రెండు గట్టిగా." ఇలా ఉండేవి ఆమె రాతలు. ఊళ్లో బళ్ల నుంచి పంతుళ్లు కూడా వచ్చి ఆ కాగితం చదివి వెళ్లేవారు. ఆమెకు దాని మీద గర్వం ఉండేది. ఉండటంలో తప్పు లేదనే అనుకునేవాణ్ణి.

ఆమె పెళ్లి చేసుకోలేదు. ఉన్నది ఒక్క తమ్ముడు, మూడేళ్లు చిన్న. నాటకశాలకు రెండు వీధుల అవతల కుట్టుమిషన్లు బాగుచేసే కొట్టు నడిపేవాడు. అతనికి భార్య, పదకొండేళ్ల కూతురు. అతనికి చిన్నప్పటి నుంచీ నత్తి.

చిన్నతనంలో వాడికి నోరు నేనే అని అక్క అనేది. ఇంటికి ఎవరొచ్చి "నీ పేరేంటి నాన్నా" అన్నా, వాడు పెదవి విప్పేలోపు ఈమె చెప్పేసేది. బడిలో వాడి బదులు పద్యం అప్పజెప్పింది. వాడు మొదటిసారి పనికోసం ఒక బట్టల మిల్లుకు వెళ్తే ఈమె కూడా వెళ్లి, అడిగినవాటికన్నిటికీ తనే జవాబిచ్చింది. "ఉద్యోగం మీకా, ఆయనకా?" అని వాళ్లు అడిగితే నవ్వేసి ఊరుకుందట. ఆ సంగతి ఆమె ముచ్చటగా చెప్పుకునేది. అందులో తమ్ముడికి ఎలా ఉండి ఉంటుందో ఆమెకు గాని, వింటున్న నాకు గాని తట్టలేదు.

ఆ ఏడు వానాకాలంలో మా దగ్గరికి ఒక సంగీత నాటకం వచ్చింది. పేరు "రాతిలో కత్తి, రాజుకి సుస్తీ". వెనకటి కాలపు రాజుల కథలను ఆటపట్టించే నాటకం. బండరాతిలో దిగబడిన కత్తిని ఎవడు లాగితే వాడే రాజు అని పాత కథ కదా. ఇందులో వీరులు పన్నెండుమందీ లాగి లాగి నడుములు పట్టేసి పడుకుంటారు. చివరికి చాకలామె వచ్చి, "నా దండెం కట్టుకునే ఊచ ఇది, ఎవరు పాతారిక్కడ?" అని ఒంటిచేత్తో పీక్కుపోతుంది. రాజుకు యుద్ధం మాట వింటే చాలు, కడుపు నొప్పి. డ్రాగన్‌కు జలుబు. నిప్పులు కక్కబోయి తుమ్ముతుంది. మొత్తం మీద గంటన్నర నవ్వే నవ్వు.

అందులో ఒక చాటింపువాడు ఉన్నాడు. కోటగోడ మీద నిలబడి ప్రమాదం వస్తే రాజుకు కేక వేసి చెప్పడం వాడి ఉద్యోగం. వాడికి నత్తి. డ్రాగన్ వస్తుంటే "డ... డ... డ..." అంటూ ఉంటాడు. డోలు వాయించేవాడు దానికి దరువు కడతాడు. అదే పాట అయిపోతుంది. వీడు మాట పూర్తి చేసేలోపు కోట పైకప్పు ఎగిరిపోతుంది. పాట మధ్యలో చాటింపువాడు మైకు పట్టుకుని జనంలోకి దిగి, "మీరైనా చెప్పండయ్యా రాజుగారికి, ఏం వస్తోందో!" అని ఎవరి నోటి దగ్గరైనా పెడతాడు. వాళ్లు కూడా నత్తిగా చెప్పాలి. అదీ సరదా.

ఆఖరి రిహార్సల్ రోజున హాల్లో ఉన్నది కిటికీ అక్క ఒక్కతే. చాటింపువాడు సరాసరి ఆమె దగ్గరికే వచ్చాడు. నేను స్పాట్ లైట్ ఆమె మీద వేశాను. ఆమె నోటుపుస్తకం మూసి, గొంతు సవరించుకుని, "డ... డ... డ... డ్... డ్రాగన్!" అంది. ఎంత బాగా అందంటే, స్టేజీ మీద నడుములు పట్టేసి పడుకున్న వీరులు కూడా లేచి చప్పట్లు కొట్టారు. పైన గదిలో నేను పొట్ట పట్టుకుని నవ్వాను. ఆమె కళ్లజోడు తీసి కొంగుతో కళ్లు తుడుచుకుంది. మర్నాడు కాగితం అంటించింది: "అన్ని వయసులవారూ చూడవచ్చు. బూతులు లేవు. డ్రాగన్ తుమ్మినప్పుడు చప్పుడు ఎక్కువ. చాటింపువాడి పాట పిల్లలకు ఎంతో నచ్చును."

రెండో వారంలో తమ్ముడి పుట్టినరోజు పడింది. అక్క ఆదివారం మధ్యాహ్నం ఆటకు వాళ్ల ముగ్గురికీ సీట్లు పెట్టింది. మరదలు ముందురోజు ఫోను చేసింది.

"వదినా, పాపకి బాగుంటుందా? పిచ్చి పిచ్చి మాటలేం లేవు కదా?"

"నేను చూడకుండా పిలుస్తానా అమ్మాయ్? కళ్లు మూసుకుని రండి. నవ్వలేక చస్తారు."

సీట్లు కూడా మంచివే ఏరింది. ఆరో వరుస, నడిచే దారి పక్కన. తమ్ముడికి కాళ్లు చాపుకోవడానికి వీలుగా ఉంటుందని ఆ చివరి సీటు అతనికిచ్చింది.

ఆ ఆదివారం హాలు నిండిపోయింది. ఆట మొదలయ్యాక అక్క కిటికీ మూసి వచ్చి వెనక తలుపు దగ్గర నిలబడింది. అది సరిగ్గా నా గది కిందే. చాకలామె కత్తి పీకినప్పుడు తమ్ముడి భుజాలు కదలడం చూసి సంతోషపడిందట. తర్వాత చాటింపువాడు కోటగోడ ఎక్కాడు. మొదటి "డ..." వినగానే తమ్ముడి వైపు చూశానని తర్వాత నాతో చెప్పింది. "అప్పటిదాకా నాకు తట్టలేదు. నమ్ముతావా? రిహార్సల్లో తట్టలేదు, కాగితం రాసేటప్పుడు తట్టలేదు, సీట్లు ఏరేటప్పుడు తట్టలేదు. వాడి మెడ వెనక భాగం కనిపిస్తూ ఉంది. అది చూశాక తట్టింది."

హాలంతా డోలుతో కలిసి "డ డ డ" అంటోంది. చాటింపువాడు మెట్లు దిగి, నడిచే దారి పక్కన చివరి సీట్లో ఉన్న మనిషిని ఎంచుకున్నాడు. నేను స్పాట్ లైట్ తిప్పాను. ఆ ముఖం నాకు తెలుసు. మా డ్రెస్సులు కుట్టే మిషను బాగుచేయడానికి నాటకశాలకు ఎన్నోసార్లు వచ్చిన ముఖమే. అయినా ఆ ఎత్తు నుంచి, ఆ వెలుగులో, పోల్చుకోవడానికి నాకు రెండు క్షణాలు పట్టింది. పోల్చుకున్నాక కూడా లైటు తీయలేదు. పాట మధ్యలో లైటు తీస్తే మేనేజరు ఊరుకోడు అనుకున్నాను. ఇప్పుడైతే ఆ మాట రాయడానికి సిగ్గేస్తోంది.

నిజం నత్తి స్టేజీ నత్తిలా ఉండదు. అతను "డ డ డ" అనలేదు. నోరు తెరుచుకుంది, శబ్దం రాలేదు. కళ్లు గట్టిగా మూసుకున్నాడు. దవడ అదిరింది. డోలువాడు దరువు సాగదీశాడు. జనం అది గొప్ప నటన అనుకుని పడీపడీ నవ్వారు. పక్క సీట్లో పాప తండ్రి చెయ్యి పట్టుకుని ఆ చేతినే చూస్తోంది. ఎంతసేపో లెక్కపెట్టలేదు గాని, ఆ పాటలో అంత విరామం లేదని నాకు తెలుసు. చివరికి "డ్రాగన్" అన్నాడు. హాలు హోరెత్తింది.

"అయ్యబాబోయ్! నాకంటే ఈయనే బాగా చేశాడు! రేపట్నుంచి నా వేషం మీకే సార్!" అన్నాడు చాటింపువాడు. జనం ఇంకా గట్టిగా చప్పట్లు కొట్టారు.

తలుపు దగ్గర నుంచి ఆ సీటుకు పట్టుమని ఇరవై అడుగులు లేవు. కిటికీ అక్క కదల్లేదు.

విరామంలో ముగ్గురూ హాల్లోంచి బయటికొచ్చారు. అక్క ఎదురెళ్లింది. తమ్ముడు ఆమెను చూసి తలూపి, గొడుగు తెచ్చుకోవడానికన్నట్టు పక్కకు వెళ్లాడు. పాప ఆమె వైపు చూడనేలేదు. మరదలే ఆగింది.

"నేను అడిగాను కదా వదినా."

అక్క నోట్లోంచి వచ్చిన మాట ఇది: "నువ్వు పిచ్చి మాటలున్నాయా అనే కదా అడిగావ్..."

మరదలు పాప చెయ్యి అందుకుని నడిచింది. ఆమె ఏదైనా అని ఉంటే బాగుండేదని, తనిచ్చిన ఆ జవాబు తలుచుకున్నప్పుడల్లా తల కొట్టేసినట్టవుతుందని అక్క నాతో చాలాసార్లు అంది. ముగ్గురూ వానలోనే వెళ్లిపోయారు.

సోమవారం టికెట్ గదిలో బల్బు మాడిపోతే మార్చడానికి వెళ్లాను. ఆమె ఫోను ఎత్తి పక్కన పెట్టేసి కూర్చుంది. స్టూలెక్కి బల్బు తిప్పుతుంటే కింద నుంచి అడిగింది.

"రిహార్సల్లో నేను చేసింది నువ్వు చూశావు కదా?"

"చూశానక్కా."

"బాగా చేశానా?"

నేను స్టూలు దిగకుండా బల్బు ఇంకో చుట్టు బిగించాను.

"బాగానే చేసి ఉంటాను. నలభై ఏళ్లు విన్నాను కదా. ఎక్కడ నేర్చుకున్నానో కూడా గుర్తు రాలేదు." ఫోను మళ్లీ పెట్టేసి, "వాడికి చెప్పాలంటావా ఇది?" అంది.

"నీ ఇష్టం అక్కా" అన్నాను. అంతకంటే పనికిమాలిన జవాబు ఇంకొకటి లేదు.

ఆ సాయంత్రమే ఆమె పాత కాగితం చింపి కొత్తది అంటించింది. "అన్ని వయసులవారూ" అన్న మాట తీసేసింది. "ఇందులో నత్తి ఉన్నవారిని ఎగతాళి చేసే పాట ఉన్నది. నాలుగు నిమిషాలు. నటుడు ప్రేక్షకులలోకి వచ్చి మైకు ఇచ్చును" అని చేర్చింది. మేనేజరు చూసి పరిగెత్తుకొచ్చాడు.

"ఎగతాళి ఏంటక్కా? హాస్యం అను. ఎగతాళంటే ఎవరొస్తారు?"

"చూసింది నేను, రాసింది నేను. నా మాట మార్చేటట్టయితే ఇకమీద కాగితం మీరే రాసుకోండి."

ఆయన గొణుక్కుంటూ వెళ్లిపోయాడు. కాగితం ఉండిపోయింది. టికెట్లు ఎప్పట్లాగే అమ్ముడుపోయాయి. చాలామంది అది చదివి, "అబ్బ, ఆ పాటే బాగుంటుందట" అనుకుంటూ లోపలికి వెళ్లారు.

చదివినవాళ్లలో చాటింపువాడి వేషం వేసేవాడు కూడా ఉన్నాడు. నలభై దాటిన మనిషి, పగలు బళ్లో పాటలు నేర్పే మాస్టారు. "ఇది నా గురించేనా అక్కా?" అని కిటికీ దగ్గరికొచ్చాడు. ఆమె జరిగింది చెప్పింది. ఆయన మెట్ల మీద కూలబడ్డాడు. "ఆయన నటిస్తున్నాడనుకున్నానక్కా. ఒట్టు. ఇంటికెళ్లి కాళ్లు పట్టుకుంటా" అన్నాడు. "వద్దు. మీరు వెళ్తే వాడు మళ్లీ మాట్లాడాలి" అని ఆపింది. తర్వాత ఆటల్లో ఆయన మైకు పట్టుకుని కిందికి దిగలేదు. పాట మాత్రం ఉంది. జనం నవ్వడం కూడా తగ్గలేదు.

గురువారం ఆమెకు సెలవు. తమ్ముడి కొట్టుకు వెళ్లింది. బల్ల మీద ఒక పాత మిషను తల కిందులుగా పడుకోబెట్టి ఉంది. అతను సన్నటి స్క్రూడ్రైవరుతో దాని పొట్టలో ఏదో బిగిస్తున్నాడు. ఆమెను చూసి స్క్రూడ్రైవరుతోనే స్టూలు చూపించాడు.

"ఒరేయ్, ఆ రోజు..." అని మొదలుపెట్టింది. ఇంటి దగ్గర అనుకున్న మాటలేవీ రాలేదు.

అతను తలెత్తి, "ప... ప..." అన్నాడు.

"పర్లేదంటావా?" అంది ఆమె.

అతను చెయ్యి అడ్డంగా ఊపాడు. ఆమె నోరు మూసుకుంది. వీధిలో ఒక లారీ వెనక్కి వెళ్తోంది. అది మలుపు తిరిగి వెళ్లిపోయేదాకా అతను మాటతో పెనుగులాడాడు. "తర్వాత పెదవి కొరుక్కుని కూర్చున్నాను గానీ, ముందు వాడి నోట్లోంచి నాకు కావాల్సిన మాటే లాగబోయాను చూడు" అని తర్వాత నాతో అంది.

"ప... పాప అడిగింది" అన్నాడు చివరికి. "బస్సులో. నా... నాన్నా, అత్త ఇది ముందే చూసిందా అని."

"చూశాను."

"న... నవ్వావా?"

అబద్ధం చెప్పే వీలుంది. అతను నమ్మేవాడే.

"నవ్వాను. కళ్లలో నీళ్లొచ్చేదాకా నవ్వాను. నువ్వు గుర్తు రాలేదురా."

"అ... అస్సలు?"

"అస్సలు."

అతను నూనె డబ్బా అందుకుని మిషను లోపల రెండు చుక్కలు వేసి, చక్రం చేత్తో మెల్లిగా తిప్పాడు.

"నేనూ న... నవ్వాను" అన్నాడు. "మైకు వచ్చేదాకా."

ఆమె తలొంచుకుంది. చక్రం ఆపి అతనే మళ్లీ అన్నాడు. "నువ్వు ప... పరిగెత్తుకొస్తావనుకున్నా. ఎప్పుడూ వస్తావుగా. రాలేదు. వ... వచ్చుంటే, పాప ముందు..."

అక్కడ ఆగిపోయాడు. ఆమె ఆ మాట అందుకోలేదు. అతను పూర్తి చేయనూ లేదు. వచ్చి ఉంటే మేలు జరిగేదో, ఇంకా అధ్వాన్నం అయ్యేదో ఆమెకు ఇప్పటికీ తెలీదు. అడిగే ధైర్యం లేదు. రిహార్సల్లో తన నోటితో చేసిన పని సంగతి మాత్రం ఎత్తలేదు. ఆ ఒక్కటి అతనికి ఎప్పుడూ చెప్పలేదు. ఈలోగా చిరిగిన సంచీలో మిషను పెట్టుకుని ఒక దర్జీ ఆవిడ వచ్చింది. "ఏమైందండీ దీనికి?" అని అడగబోయి అక్క నాలుక కరుచుకుంది. తమ్ముడే అడిగాడు. ఆవిడ తొందరపడకుండా, అతను అడిగేదాకా నిలబడింది. అలవాటున్న మనిషిలా ఉంది. ఇన్నేళ్లుగా ఆ కొట్టుకొచ్చేవాళ్లందరూ అలాగే నిలబడుతున్నారన్నమాట అనుకుంటూ అక్క లేచి వచ్చేసింది.

రాజుగారి నాటకం ఇంకో ఐదు వారాలు ఆడి వేరే ఊరు వెళ్లిపోయింది. మరదలు రెండు నెలలు ఫోను చేయలేదు. తర్వాత ఒక రోజు ఏమీ జరగనట్టు ఫోను చేసి, రవిక కుట్టడానికి కొలతలు అడిగింది. అక్క అంతకే పొంగిపోయింది.

చలికాలంలో కొత్త నాటకం వచ్చింది. ఇద్దరు దొంగలు ఒకే ఇంటికి కన్నం వేసే హాస్య నాటకం. బడి నుంచి పిల్లలను తీసుకొస్తామని కబురు వచ్చింది. ఒక సాయంత్రం కిటికీ ముందు వరుసలో పాప నిలబడి ఉంది. వంతు వచ్చేదాకా అత్తా అని పిలవలేదు. వంతు వచ్చాక అద్దానికి దగ్గరగా వచ్చి అడిగింది.

"ఇందులో నాన్నలాంటివాళ్లు ఎవరైనా ఉన్నారా?"

వెనక నలుగురు నిలబడి ఉన్నారు. అక్క మొహం కందిపోయింది. "లేరమ్మా" అనేసి, వెంటనే, "ఉండు. నేను ఒక్కసారే చూశాను. అది వెతుకుతూ చూడలేదు. ఇవాళ మళ్లీ చూస్తాను" అంది.

"సరే. రేపొస్తా" అని పాప వెళ్లిపోయింది.

ఆ సాయంత్రం పైన గదిలోంచి చూశాను. కిటికీ అక్క మధ్య వరుసలో నోటుపుస్తకం తెరిచి, జారిపోతున్న కళ్లజోడు వేలితో పైకి తోసుకుంటూ కూర్చుంది. చుట్టూ జనం కుర్చీల్లోంచి జారిపోయేటట్టు నవ్వుతున్నారు. ఆమె ఒక్కసారి కూడా నవ్వలేదు. ఎవరైనా కుంటుతున్నారా, ఎవరికైనా మెల్లకన్ను పెట్టారా, లావుగా ఉన్నవాణ్ణి చూసి ఎన్నిసార్లు నవ్వించారు, అన్నీ రాసుకుంది. ఆ తర్వాత ఆమె ఉద్యోగం చేసిన ఆరేళ్లలో నాటకం చూస్తూ నవ్వగా నేను చూడలేదు.

మర్నాడు పాప వచ్చింది. అక్క రాసుకున్నదంతా చదివి వినిపించింది. పాప చివరిదాకా విని, రెండు సీట్లు అడిగింది. ఒకటి తనకు, ఒకటి వాళ్లమ్మకు. నాన్నకు అడగలేదు. అక్క కూడా అడగలేదు. పెన్సిలుతో రెండు గడులకు సున్నా చుట్టి, టికెట్లు అద్దం కింద నుంచి తోసింది.